పసుపు రైతు పట్టు.. విధవరాలి మొర

2019 ఫిబ్రవరిలో ఆర్మూరు, జక్రాన్‌పల్లి ప్రాంతాల రైతులు జాతీయ రహదారిపై బైఠాయించారు. క్వింటాలు పసుపుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలన్నది వారి డిమాండు. మొర ఎవరూ ఆలకించకపోవడంతో ఆ ఏడాది ఏప్రిల్‌ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో వారే అభ్యర్థులయ్యారు. నిజామాబాద్‌ బరిలో నిలిచిన 185 మందిలో 170 మందికి పైగా రైతులే! గెలుస్తామని వారిలో ఎవరూ అనుకోలేదు. మేమున్నామని, మా గోడు వినమని దేశానికి చెప్పడానికే నామినేషన్లు వేశారు.

అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే పసుపు బోర్డు కావాలని ఈ జిల్లా అడుగుతూ ఉంది. వినతిపత్రాలు, పాదయాత్రలు, ధర్నాలు అన్నీ అయ్యాయి. బోర్డు వచ్చేదాకా చెప్పులు తొడగనని ఒట్టు పెట్టుకుని ఏళ్ల తరబడి వట్టికాళ్లతో నడిచిన రైతు కూడా ఉన్నాడు. చివరికి 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ప్రకటన వెలువడింది. 2025 జనవరి 14న, సంక్రాంతి రోజున బోర్డు ప్రారంభమైంది. అదే ఏడాది జూన్‌ 29న నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయం తెరుచుకుంది. ఈ ఘనత ఎవరిదన్న రాజకీయ చర్చలోకి మేము వెళ్లడం లేదు. విసుగు చెందకుండా అడగడమంటే ఏమిటో విశ్వాసులు ఇక్కడ నేర్చుకోవలసింది చాలా ఉంది.

యేసుప్రభువు చెప్పిన ఒక ఉపమానంలో (లూకా 18:1–8) దేవునికి భయపడని, మనుషులను లక్ష్యపెట్టని న్యాయాధిపతి ఒకడున్నాడు. అతని ముందు ఒక విధవరాలు నిలబడింది. ఆమె తరఫున మాట్లాడే భర్త లేడు, లంచమివ్వడానికి సొమ్ము లేదు, సిఫారసు చేసే పెద్దమనిషి లేడు. ఆమెకున్నదల్లా ఒక్కటే, మళ్లీ మళ్లీ రాగలగడం. ఆ రాకపోకలకు విసిగిపోయి న్యాయాధిపతి తీర్పు తీర్చాడు.

అయితే ఈ ఉపమానాన్ని మనలో చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటాం. దేవుడు కూడా ఆ న్యాయాధిపతిలాంటివాడేనని, గట్టిగా, ఎక్కువసేపు గోల చేస్తే తప్ప కరగడని అనుకుంటాం. ప్రభువు చెప్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. అంతటి అన్యాయస్థుడే చివరికి న్యాయం చేస్తే, తన పిల్లలను ప్రేమించే పరలోకపు తండ్రి ఇంకెంతగా చేస్తాడు! రైతుకు ఢిల్లీ దూరం, కానీ విశ్వాసికి దేవుడు దూరం కాదు. రైతు అధికారి గుమ్మం దగ్గర గంటల తరబడి పడిగాపులు కాయాలి. మనకు యేసు నామంలో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది.

మరి తెరిచిన తలుపు దగ్గర పదేపదే అడగడం ఎందుకు? జవాబు నెహెమ్యా గ్రంథంలో ఉంది. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న వార్త అతను విన్నది కిస్లేవు మాసంలో, రాజు ముందు నోరు విప్పింది నీసాను మాసంలో. మధ్యలో దాదాపు నాలుగు నెలల ఉపవాసం, కన్నీటి ప్రార్థన. రాజు 'నీకేం కావాలి?' అని అడిగేసరికి నెహెమ్యా దగ్గర అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఎంతకాలం సెలవు కావాలో, ఏ అధికారులకు లేఖలు కావాలో, ఎక్కడి నుంచి కలప కావాలో లెక్కగా చెప్పాడు. ఆ నాలుగు నెలల ప్రార్థన గోడ కట్టగలిగే మనిషిని తయారు చేసింది. మోకాళ్లూనినవాడు అర్జీ పెట్టకూడదని, అర్జీ పెట్టినవాడికి విశ్వాసం లేదని బైబిల్‌ ఎక్కడా చెప్పదు.

ఆంధ్ర క్రైస్తవ చరిత్రలోనూ ఇలాంటి సాక్ష్యం ఉంది. నెల్లూరు మిషన్‌ను మూసివేయాలా అన్న చర్చ అమెరికాలో నడుస్తున్న రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున జూవెట్‌ దంపతులు కొద్దిమంది స్థానిక విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. జాన్‌ క్లౌ ఒంగోలులో అడుగుపెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత. 1876–78 కరవులో ఆయన బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని పేదలకు కూలి దొరికేలా చేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అడిగినవారు ఒక్క సేవకుణ్ణి అడిగారు, దేవుడు ఒక సంఘాన్నే ఇచ్చాడు.

ఇంతవరకూ జవాబు దొరికినవారి సంగతి. బోధన్‌లో కథ వేరు. 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని తెరిపించమని కార్మికులు, చెరకు రైతులు ఏళ్ల తరబడి వేడుకున్నారు. పునరుద్ధరణకు 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. ఆ ఎదురుచూపులోనే వయసు మళ్లినవారు ఎందరో. పసుపు రైతుకు కూడా బోర్డు వచ్చింది గాని, దానితోపాటు మద్దతు ధర రాలేదు. వారి మధ్య నిలబడి 'గట్టిగా ప్రార్థిస్తే అన్నీ దొరుకుతాయి' అని బోధించే హక్కు మనకు లేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు (2 కొరింథీ 12:8, 9). ముల్లు పోలేదు, దాన్ని భరించే కృప దొరికింది. గెత్సేమనేలో మూడుసార్లు ప్రార్థించిన మన ప్రభువుకు ఆ గిన్నె తొలగిపోలేదు. కానీ ఆయన తండ్రి చిత్తానికి తలవంచి లేచాడు, సిలువ వైపు నడిచాడు. జవాబు 'కాదు' అయినా ప్రార్థన వృథా కాదన్నదానికి ఇంతకన్నా రుజువు లేదు.

మన సంఘాల్లో ఉపవాస ప్రార్థనలకు కొదవ లేదు. మొదటి వారం చాపలు చాలవు, నాలుగో వారానికి పాస్టరుగారి కుటుంబమే మిగులుతుంది. పసుపు కొమ్ము నాటిన రైతు ఎనిమిది తొమ్మిది నెలలు ఆగుతాడు. తవ్వాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగు పెట్టాలి, అప్పుడే మార్కెట్‌ యార్డుకు తీసుకెళ్లాలి. ఓపిక గురించి చెప్పడానికి యాకోబు కూడా రైతునే చూపించాడు (యాకోబు 5:7). ప్రార్థనకు ఆ మాత్రం కాలం మనమెందుకు ఇవ్వలేకపోతున్నాం? జక్రాన్‌పల్లి పొలాల్లో ఉన్న ఓర్పు మన ప్రార్థన గదుల్లో లేకపోతే ఎలా?

విధవరాలి ఉపమానాన్ని ప్రభువు ఒక ప్రశ్నతో ముగించాడు. తాను తిరిగి వచ్చేనాటికి భూమిమీద అలాంటి విశ్వాసం కనిపిస్తుందా అని అడిగాడు. దేవుడు వింటాడా అన్నది ఆయనకు సందేహమే కాదు. అప్పటిదాకా మనం అడుగుతూనే ఉంటామా అన్నదే ఆయన ప్రశ్న.