కారుకు లిథియం బ్యాటరీ: బరువు సరే, అసలు ఏహెచ్ ఎంత?

ఫోన్ల మీద రాసే నన్ను ఈ మధ్య సిద్దిపేటలో ఎక్కువ మంది అడుగుతున్నది కారు బ్యాటరీ గురించి. పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్ లాంటి బండ్లు నడిపే కుర్రాళ్లు. "అన్నా, లిథియం వేస్తే పది కిలోలు తగ్గుతదంట కదా?" అంటున్నరు. తగ్గుతుంది. అయినా రోజూ తిరిగే కారుకు వద్దనే నా మాట.

పోర్ష కంపెనీ 2010 జనవరి నుంచి 911 జీటీ3కి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని ఆప్షన్‌గా ఇచ్చింది. బరువు 6 కిలోల లోపే. 60 ఏహెచ్ లెడ్ బ్యాటరీ కంటే 10 కిలోలు తక్కువ. కానీ దాని కెపాసిటీ 18 ఏహెచ్ మాత్రమే. సున్నా డిగ్రీల కింద ఇది సరిగ్గా స్టార్ట్ చేయలేకపోవచ్చని, కారుతోపాటు మామూలు బ్యాటరీ కూడా చేతిలో పెట్టింది.

మనకు ఆ చలి లేదు, సరే. ఆ 18 మాటేంటి? పవర్ బ్యాంక్ డబ్బా మీద 20000 ఎంఏహెచ్ అని ఉంటే ఫోన్‌లోకి అంత రాదని మీకు తెలుసు కదా. ఇక్కడా అలాంటి తిరకాసే. చాలా లిథియం బ్యాటరీల మీద "లెడ్‌కు సమానం" అని పెద్ద అంకె వేస్తారు. అది ఇంజిన్ తిప్పే శక్తికి సంబంధించిన పోలిక. నిల్వ ఉండే కరెంటు అంతకంటే చాలా తక్కువ.

లెక్క చూడండి. పార్కింగ్ మోడ్‌లో డ్యాష్‌క్యామ్ 0.3 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. కాగితం మీద 60 ఏహెచ్ అయితే 200 గంటలు, 18 ఏహెచ్ అయితే 60 గంటలే. శుక్రవారం సాయంత్రం బండి పెట్టి ఊరెళ్తే సోమవారం పొద్దున బస్సే గతి. చార్జ్ పూర్తిగా పడిపోతే లోపలి సర్క్యూట్ బ్యాటరీని కట్ చేసేస్తుంది. కొన్నిటిని మళ్లీ లేపాలంటే లిథియం చార్జరే కావాలి. రాత్రిపూట రాజీవ్ రహదారి మీద అది ఎవరి దగ్గర దొరుకుతుంది? లెడ్ బ్యాటరీ అయితే సిద్దిపేటలో ఏ షాపులోనైనా పాతది ఇచ్చి కొత్తది వేయించుకోవచ్చు.

ఇక మే నెల ఎండ. బానెట్ కింద ఆ వేడిని ఏ బ్యాటరీ ఇష్టపడదు, కానీ ఖరీదైనది పాడైతే నొప్పి ఎక్కువ.

ఇంతా చేసి మిగిలేది పది కిలోలు. దాదాపు 1100 కిలోల కారులో ఒక్క శాతం కూడా కాదు. ట్యాంకులో 13 లీటర్ల పెట్రోల్ తక్కువ పోయించుకున్నా అంతే తేడా. అదే డబ్బుకు మంచి టైర్లు వేయిస్తే బ్రేక్ కొట్టినప్పుడు, మలుపు తిరిగినప్పుడు తేడా కనిపిస్తుంది.

ట్రాక్ కోసమే ఉంచుకున్న కారా? కోయంబత్తూరు, చెన్నై ట్రాక్‌లకు తీసుకెళ్తారా? ఇంట్లో సరైన చార్జర్ ఉందా? అయితే తీసుకోండి. షాపులో మాత్రం "సమానం" అంకె వదిలేసి అసలు వాట్-అవర్స్ ఎంతో అడగండి. చెప్పకపోతే వచ్చేయండి.