మన్యమునకు తెల్లబియ్యము చాలునా?

కొండపిల్లలకు చదువు తలకెక్కదని మైదానపు పెద్దమనుష్యులు అలవోకగా ననుచుందురు. అరకులోయకు విహారార్థము పోయి, వలిసెపూల నడుమ ఛాయాపటములు తీయించుకొని వచ్చినవారి నోటను ఈ మాట వినవచ్చుట మాకు విషాదము గొలుపుచున్నది. కువి భాష మాటలాడు బిడ్డకు తెలుగు వాచకము నిచ్చి, అర్థము కాలేదని నిందించుట యొక యన్యాయము; దానిని వేఱొకనాడు విచారింతము. ఆ బిడ్డ పళ్లెములో నేమున్నదో చూడకయే బుద్ధిని తూచుట రెండవ యన్యాయము. నేడు మేము చెప్పదలచినది దీనిని గూర్చియే.

మనుష్యుని బరువులో మెదడు నూటికి సుమారు రెండుపాళ్లు మాత్రమే. ఐనను దేహము విశ్రమించియున్నప్పుడు వ్యయమగు శక్తిలో ఇంచుమించు ఐదవవంతు దానికే పోవును. ఐదేండ్ల బాలుని విషయమున ఈ భాగము సగమునకు మించును. ఈ శక్తి ప్రధానముగా గ్లూకోజునుండి లభించును. బియ్యము దానిని సమృద్ధిగా నొసగును. అట్లయిన చిక్కెక్కడ? గ్లూకోజును శక్తిగా మార్చుటకు థయమిన్ అను బి1 విటమిను కావలెను. ప్రాణవాయువును మోయుటకును, నరములపై పొర యేర్పడుటకును ఇనుము కావలెను. గర్భమునందు మెదడు రూపొందుటకు అయొడిన్ కావలెను. ఇవి లోపించినచో కడుపు నిండియు మెదడు పస్తుండును.

ఈ సంగతి సర్కారు జిల్లాలవారికి క్రొత్తది కారాదు. బియ్యపు మరలు వచ్చిన పిదప ఈ తీరమున బెరిబెరి ప్రబలినది. దానిని పరిశోధించుటకై 1918లో కూనూరున రాబర్టు మెకారిసన్ ఆధ్వర్యమున నొక చిన్న శాఖ వెలసినది. అదియే పెరిగి, హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. తేలిన దేమనగా, తవుడుతోపాటు థయమిన్ పోయినది. ఇంటి గేదె తవుడు తిని బలిసినది. తెల్లని యన్నము తినిన యజమానుని కాళ్లు తిమ్మిరెక్కినవి. ఉప్పుడు బియ్యము తినెడి ప్రాంతములవారు చాలవరకు ఈ యాపద దప్పించుకొనిరి. ఏలయన వడ్లను నానబెట్టి యుడికించునప్పుడే థయమిన్ కొంత గింజలోపలికి చేరును. ఇంత తెలిసియు మన మా తెల్లబియ్యమునే గౌరవచిహ్నముగా కొండలపైకి మోసికొనిపోతిమి.

మన్యపు పూర్వాహారము చోడి యంబలి, సామ లన్నము, కందులు, చిక్కుడు పిక్కలు, అడవి ఆకుకూరలు, వెదురు కొమ్ములు, వలిసెనూనె. మరపట్టిన బియ్యముతో పోల్చిచూడగా చోళ్లయందు ఇనుమును థయమినును ఐదురెట్లకు తక్కువ గాదు. చోళ్లలోని కొన్ని పదార్థములు ఇనుమును దేహమున కందనీయవనుట నిజమే. ఐతే పిండి పులియబెట్టుటచే ఆ యడ్డంకి తగ్గును; పులుపు తోడైన మఱియు తగ్గును. అంబలి పులియబెట్టు కొండయవ్వ ఈ రసాయనశాస్త్రమును ఏ కళాశాలలోను చదువలేదు. (భోజనముతోడనే కాఫీ త్రాగిన ఇనుము సరిగా నొంటబట్టదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినందుకు సంతసించు మన పట్టణవాసులు ఈ ముక్క గూడ గుర్తుంచుకొందురు గాక.)

గతమును బంగారుయుగముగా వర్ణించుట మా యుద్దేశము కాదు. వానకాలమున గాదెలు ఖాళీయై, మామిడి టెంకల పిండితో గిరిజనులు ప్రాణము నిలుపుకొనిన దినములు కలవు. 1983లో ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యము ఆకలిని కొండదింపినది. దానిని తెగడువాడు ఆకలి నెఱుగనివాడు. కాని దాని వెనుక మఱియొక మార్పు జరిగినది. చవుకబియ్యము చేతికందగా పోడుమీది చోడి సన్నగిల్లినది. పండిన రాజ్మాయు వలిసెలును సంతలో నమ్ముడుపోయి మైదానము చేరుచున్నవి. మాంసకృత్తులు దిగివచ్చును, పిండిపదార్థము ఎక్కిపోవును. బేరము మనకే లాభము.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండినదని మే మనము. బియ్యమునకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 చేర్చు పథకము 2021 ఆగస్టు 15న ప్రకటింపబడి, 2024 మార్చి నాటికి చౌకధరల దుకాణములకు చేరినది. 2023 మార్చిలో బడిపిల్లలకు వారమునకు మూడునాళ్లు రాగిజావ నియమింపబడినది. మంచిదే. ఐతే బాలుడు బడికి వచ్చునప్పటికి ఆఱేండ్లవాడు. అప్పటికే వాని మెదడు పెద్దవాని మెదడు పరిమాణములో నూటికి తొంబదిపాళ్లు పెరిగియుండును. ఇల్లు కప్పు వేసిన పిదప పునాదికి సున్నము తెచ్చినట్లున్నది. గర్భము నిలిచిన నాలుగు వారములలోనే శిశువు మెదడునకు మూలమగు నాళము మూసికొనవలెను. అందులకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానిని కృత్రిమముగా తయారుచేయించిన యెల్లాప్రగడ సుబ్బారావు భీమవరమున పుట్టినవాడని గర్వించెడి మనము, ఆ మాత్ర మన్యపు నూతనవధువునకు సకాలమున నందుచున్నదా యని యడిగితిమా? ఉప్పు సంగతియు నంతే. కుండపోత వానలు కొండనేలలోని అయొడిన్‌ను కడిగివేయును. అయొడిన్ లేని తినెడి యుప్పు నమ్మరాదని 2006లో నిషేధము వచ్చినది. కాని పొయ్యిప్రక్క మూతలేని కుండలోని తడియుప్పున అది నిలువదు. ఈ చిన్నమాటను అంగన్‌వాడీ కార్యకర్త గిరిజన తల్లికి ఆమె భాషలోనే చెప్పవలెను.

మేము కోరునది బియ్యమును మానిపింపుమని కాదు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టమునందే ముతకధాన్యములకు చోటున్నది; దక్షిణ కర్ణాటకమున రేషనుతో రాగులు పంచుచున్నారు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో మాత్రము కోరిన కుటుంబమునకు బియ్యములో సగము చోడిగా నేల యియ్యరాదు? అంగన్‌వాడీలో గర్భిణికిని, మూడేండ్లలోపు బిడ్డకును గ్రుడ్డుతోపాటు చోడియు, అక్కడి పిక్కలును ఏల పెట్టరాదు? 2024-25లో కేంద్రము రాగులకు క్వింటాలు 4,290 రూపాయలును, సాధారణ వరికి 2,300 రూపాయలును మద్దతుధర నిర్ణయించినది. కొనువాడు లేనిచో ఆ ధర కాగితముమీదనే యుండును. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థకు మన్యమంతట డిపోలు కలవు. కోతలు ముగిసి దళారి సంతకు రాకమునుపే, అరకు, పాడేరు, చింతపల్లి సంతలలో ఆ సంస్థ చోడి కాటా నిలుపవలెను.