మానసిక వైద్యంలో నర్సు: చదువు ఉంది, అధికారం లేదు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయం తగలబడినప్పుడు, గొలుసులతో బంధితులైన మానసిక రోగులు పారిపోలేకపోయారు. 28 మంది మరణించారు. ఆ దుర్ఘటనపై సుప్రీంకోర్టు కదిలింది, 2017లో కొత్త మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమూ వచ్చింది. అయితే రోగిని అక్కడి దాకా నెట్టిన కొరత తీరలేదు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశమిది.

సైకియాట్రిక్ నర్సింగులో డిప్లొమాలు, స్నాతకోత్తర పట్టాలు ఇక్కడ ఉన్నాయి. మానసిక ఆరోగ్య నర్సును 2017 చట్టం పేరుపెట్టి నిర్వచించింది. కానీ ఆ చదువుకు తగిన చికిత్సాధికారం మాత్రం దక్కలేదు. ఇంజెక్షను, రిజిస్టరు, వార్డు కాపలా. ఆపైన ఒక బదిలీ ఉత్తర్వుతో ఎముకల వార్డుకు పంపినా అడిగేవారుండరు.

గోవాలో సంగత్ సంస్థ జరిపిన పరిశోధన ఈ వాదనకు బలమైన ఆధారం. వైద్యపట్టా లేని సామాన్య కౌన్సెలర్లు, తగిన శిక్షణతో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే తీవ్ర కుంగుబాటుకు ఫలవంతమైన మానసిక చికిత్స అందించగలిగారు. వారికి సాధ్యమైనది ఏళ్ల తరబడి రోగుల మధ్య గడిపిన నర్సుకు అసాధ్యమని ఎలా అనగలం?

పేదలకు రెండో తరగతి వైద్యం అంటగడతారా అన్న వైద్యుల అభ్యంతరాన్ని కొట్టిపారేయరాదు. దానికి సమాధానం కఠినమైన శిక్షణ: ఉపన్యాసాలు కాదు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నిర్ణీత గంటల సైకోథెరపీ, ప్రతి కేసుపై సమీక్ష, మందుల దుష్ప్రభావాలను పసిగట్టే నేర్పు. వైద్యుడు ప్రారంభించిన మందును నిర్దిష్ట పరిమితుల్లో కొనసాగించే అధికారం ఆ తర్వాతి మెట్టు. అత్యవసర చికిత్సలో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకు దేశం ఇదివరకే అంగీకరించింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం, మానసిక వైద్యానికీ ఆ బాట వేయడానికి అవకాశమిస్తోంది.

లిథియం చీటీ కోసం నెలనెలా కూలి వదులుకొని జిల్లా ఆసుపత్రికి వెళ్లే మనిషి, ఒక నెల వెళ్లకపోతే వ్యాధి తిరగబెట్టవచ్చు. మండల కేంద్రంలో రక్తపరీక్ష చూసి, మందు కొనసాగించి, అరగంట కూర్చుని వినే నర్సు ఉంటే ఆ ప్రయాణమే తప్పుతుంది. ఆమెకు కావలసింది శిక్షణ, పోస్టు, చట్టంలో ఒక వాక్యం.