ఈసారి జట్టును చెదరగొట్టకండి: తెలుగు టైటాన్స్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

తెలుగు టైటాన్స్ యజమానులు వీరా స్పోర్ట్స్ వారికి, జట్టు శిక్షకులకు,



ప్రతి వేలానికి ముందు ఎవరిని అట్టేపెట్టుకోవాలి, ఎవరిని వదిలెయ్యాలి అని మీరొక జాబితా రాస్తారు. ఈసారి ఆ జాబితా మీ చెయ్యి దాటకముందే ఈ ఉత్తరం మీకు అందాలని రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. ప్రో కబడ్డీ లీగు 12వ సీజన్‌లో ఆడిన జట్టును విడగొట్టకండి. విజయ్ మలిక్‌నీ, భరత్ హుడానీ, వాళ్ళ వెనక నిలబడ్డ డిఫెన్స్‌నీ ఇంకో రెండు మూడేళ్ళు కలిపి ఆడించండి. ఖాళీగా మిగిలే కుర్రాళ్ళ చోట్ల కోసం ఒక్కసారి మా కొండల వైపు రండి.

మా సాలూరు లారీల ఊరు. విజయనగరం నుంచి ఒడిశా వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి మా ఊళ్ళోంచే పోతుంది. ఇక్కడ పుట్టినవాడికి లారీతో ఏదో ఒక సంబంధం ఉంటుంది. ఓనరో, డ్రైవరో, క్లీనరో, మెకానిక్కో, బాడీ కట్టే వడ్రంగో అయి ఉంటాడు. సాయంత్రం షెడ్లలో పని ఆపి ఫోను ముందు చేరేవాళ్ళు క్రికెట్ ఎంత చూస్తారో కబడ్డీ కూడా అంతే చూస్తారు. 2014లో లీగు మొదలైనప్పుడు మీ సొంత కోర్టు విశాఖలో ఉండేది. అప్పటినుంచీ టైటాన్స్ అంటే మాకు ‘మనోళ్ళు’. గెలిచినా మనోళ్ళే, ఓడినా మనోళ్ళే. ఓడడమే ఎక్కువ చూశాం.

2025 వేలం నాటి సాయంత్రం ఒక షెడ్డులో జరిగిన వాదన మీరు వినవలసింది. అప్పటిదాకా మన రైడరైన పవన్ సెహ్రావత్ 59 లక్షల 50 వేలకు తమిళ్ తలైవాస్‌కు వెళ్ళిపోయాడని తెలియగానే, కోరాపుట్ లోడు దించి అప్పుడే వచ్చిన డ్రైవరొకాయన స్టీలు గ్లాసు ఠక్కున కింద పెట్టేశాడు. “అరవై లచ్చలకి కూడా తమిళోళ్ళు ఎత్తుకెలిపోతే మనోళ్ళు సూస్తూ కూకున్నారేటి? ఆడుంటే మేచ్చికి పది పాయింట్లు రాసిపెట్టుకోవచ్చు” అన్నాడు. టైరు విప్పుతున్న మేస్త్రి తలెత్తకుండానే జవాబిచ్చాడు. “ఇంజినొక్కటి కొంటే సరిపోతాదేటి? కమాన్ కట్టలు ఇరిగిన బండి ఘాటీ ఎక్కుతాదా?” అక్కణ్ణుంచి గంటన్నర సాగింది. పవన్‌ను వదలడం తప్పని కొందరు, విజయ్ మలిక్‌ను 51 లక్షల 50 వేలకు తిరిగి తెచ్చుకోవడమే అసలు తెలివని కొందరు, భరత్ హుడాకు 81 లక్షలు ఎక్కువని ఇంకొందరు. చివరి పాట ధరకే పాత ఆటగాణ్ణి తిరిగి తెచ్చుకునే ఎఫ్‌బీఎం కార్డు ఎప్పుడు తియ్యాలో, పర్సులో ఎంత మిగలాలో ఆ షెడ్డులో అందరికీ తెలుసు. లారీ బేరాల్లో ఆరితేరినవాళ్ళు కదా, లెక్కలు నోటిమీదే ఉంటాయి.

నేను ఆ మేస్త్రి పక్షం. ఎందుకో మీ జట్టు చరిత్రే చెబుతుంది.

రాహుల్ చౌదరితో మొదలుపెడదాం. మొదటి ఆరు సీజన్లూ ఆయన మీ దగ్గరే ఉన్నాడు. 2015లో రెండో సీజన్‌లో మనం మూడో స్థానంలో నిలిచాం. 2016లో నాలుగో సీజన్‌లో లీగు మొత్తంలో అందరికన్నా ఎక్కువ రైడ్ పాయింట్లు ఆయనవే. ఆ ఏడు సెమీఫైనల్ దాకా వెళ్ళి జైపూర్ చేతిలో ఓడాం. మన మంచి రోజులు అవే, అవి ఒకే రైడర్ చుట్టూ ఏళ్ళ తరబడి నిలబడ్డ జట్టువి. ఆ తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడడానికి 2025 దాకా ఆగాల్సొచ్చింది.

2019లో రాహుల్‌ను వదులుకొని సిద్ధార్థ్ దేశాయ్‌ని కోటి 45 లక్షలకు కొన్నారు. ఆ వేలంలో అతిపెద్ద ధర అదే. ఆ కుర్రాడు డబ్బుకు న్యాయమే చేశాడు. 200 దాటి రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 11వ స్థానంలో ఆగింది. తర్వాతి సీజన్‌లో కొద్ది మ్యాచ్‌లకే గాయపడి తప్పుకున్నాడు. అతనొక్కడు లేకపోయేసరికి జట్టే లేకుండా పోయింది. 22 మ్యాచ్‌లలో ఒక్క గెలుపు.

తొమ్మిదో సీజన్‌లో రెండు గెలుపులు. పదో సీజన్‌కు మళ్ళీ అదే దారి పట్టారు. ఐదు కోట్ల పర్సులో 2 కోట్ల 60 లక్షల 50 వేలు, అంటే సగానికి పైగా, పవన్ ఒక్కడి మీద పెట్టారు. లీగు చరిత్రలో అంతవరకూ అంత ధర ఎవరూ పలకలేదు. పవన్ తన పని తాను చేశాడు, అతని రైడ్ పాయింట్లు కూడా 200 దాటాయి. జట్టు గెలిచినవి రెండు. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లకు ఐదు గెలుపులు, మూడుసార్లూ అట్టడుగు స్థానం. ఆ మూడు సీజన్లూ ఇక్కడివాళ్ళు మ్యాచ్ చూడడం మానలేదు. ఆ మాట మీకు తెలియాలి.

సిద్ధార్థ్, పవన్ ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఒక్క రైడర్ ఎంత గొప్పవాడైనా అవతలివాళ్ళు అతన్ని పట్టిన క్షణంలో బయట కూర్చోవాలి. అతన్ని మళ్ళీ లోపలికి తేవలసింది మిగతా జట్టు, ముఖ్యంగా డిఫెండర్లు. ఇంకో రైడర్ పాయింటు తెచ్చేదాకానో, వాళ్ళు ఎదుటి రైడర్‌ను పట్టేదాకానో మన కోటీశ్వరుడు బెంచీ మీదే ఉంటాడు. అలా ఎన్ని మ్యాచ్‌లలో పవన్ బయట కూర్చుని చూస్తూ ఉండిపోయాడో మీరూ చూశారు.

డిఫెన్స్ వేలంలో దొరికేది కాదు. కార్నర్ ఆడేవాడూ, వాడి పక్కవాడూ చెయ్యీ చెయ్యీ పట్టుకొని నిలబడతారు. రైడర్ బోనస్ గీత మీదికి కాలు చాపబోతున్నాడని ముందు పసిగట్టినవాడు రెండోవాడి వేళ్ళు నొక్కుతాడు. ఆ నొక్కుడుకు అర్థం వాళ్ళిద్దరికే తెలుసు. కార్నర్ చీలమండ అందుకున్న మరుక్షణం కవర్ వచ్చి నడుం మీద పడాలి. ముందే కదిలితే రైడర్ కాలు వెనక్కి లాక్కుంటాడు. ఆలస్యమైతే కార్నర్‌ను ఈడ్చుకుంటూ మధ్య గీత తాకేస్తాడు. ఈ పొందిక ఒక శిబిరంలో రాదు. ఇద్దరూ కలిసి వంద మ్యాచ్‌లు ఓడీ గెలిచీ ఉండాలి. ఏటేటా డిఫెండర్లను మారుస్తూ పోతే ప్రతి సీజన్‌లోనూ ఆ వేళ్ళ భాష మొదటినుంచి నేర్చుకోవలసిందే.

పుణెరి పల్టన్‌ను చూడండి. ఎనిమిదో సీజన్‌లో అస్లాం ఇనామ్‌దార్, మోహిత్ గోయత్ అనే కుర్రాళ్ళను పెద్ద ధర లేకుండానే తెచ్చుకున్నారు. వాళ్ళు ఓడినప్పుడు కూడా వదల్లేదు. తొమ్మిదో సీజన్‌లో ఫైనల్, పదో సీజన్‌లో కప్పు, 12వ సీజన్‌లో మళ్ళీ ఫైనల్. పదో సీజన్‌కు ఇరాన్ ఆటగాడు షాద్‌లూని 2 కోట్ల 35 లక్షలకు కొన్నారు, నిజమే. అప్పటికే నిలబడ్డ జట్టులో ఆయన వచ్చి చేరాడు. మనం కొన్న పవన్‌కు అలాంటి జట్టు వెనక లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

అందుకే 11వ సీజన్ నాకు ముఖ్యం. ఏడో స్థానంతో ప్లేఆఫ్స్ తప్పిపోయినా 12 మ్యాచ్‌లు గెలిచాం. పవన్ గాయంతో కొన్నాళ్ళు దూరమైనా జట్టు కుప్పకూలలేదు. ఎనిమిదో సీజన్ ఫైనల్లో దబంగ్ ఢిల్లీకి కప్పు గెలిపించిన విజయ్ మలిక్ ఈ జట్టును భుజాన వేసుకున్నాడు. కృష్ణకుమార్ హుడా గారి శిక్షణలో మొదటిసారి ఇది ఒక మనిషి జట్టు కాదనిపించింది. 2025 ఆగస్టు 29న, క్రీడా దినోత్సవం, తెలుగు భాషా దినోత్సవం కలిసొచ్చిన రోజున, 12వ సీజన్ విశాఖలోనే మన మ్యాచ్‌తో మొదలైంది. తలైవాస్ చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడాం. వెనకటి రోజులైతే ఆ ఓటమి వెంట పది ఓటములు వచ్చేవి. ఈసారి బెంగళూరు, పట్నాలను ప్లేఆఫ్స్‌లో ఓడించి ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా వెళ్ళాం. అక్కడ మనల్ని ఆపింది ఎవరు? ఏళ్ళ తరబడి జట్టును చెదరనివ్వని పుణెరి పల్టనే.

ఇప్పుడు మీ చుట్టూ చేరే సలహాలు నేను ఊహించగలను. పెద్ద పేరొకటి కావాలి, టిక్కెట్లు అమ్ముడుపోవాలి, ప్రకటనకర్తలు రావాలి అంటారు. వ్యాపారం మీది, నష్టం భరించింది మీరే, ఆ మాట కాదనను. అయితే 66 మ్యాచ్‌లలో 61 గెలవకపోయినా వెంట ఉన్నవాళ్ళం పెద్ద పేరు కోసం వచ్చినవాళ్ళం కాము. గెలిచే జట్టులోంచే పేర్లు పుడతాయి. భరత్ హుడా పేరు ఈ ఊళ్ళో పిల్లల నోట్లో నానుతున్నది ఇప్పుడే కదా. వాణ్ణి చూడడానికి విశాఖ దాకా బస్సెక్కేవాళ్ళున్నారు.

ఇక కుర్రాళ్ళ సంగతి. వేలంతో పని లేకుండా కొత్త కుర్రాళ్ళను తీసుకొని కొన్నేళ్ళు అట్టేపెట్టుకునే వీలు లీగు నిబంధనల్లోనే ఉంది. పుణె చేసింది అదే. మీ జాబితాలో ఆ చోట్లు కూడా ఎక్కువగా ఉత్తరాదివాళ్ళతో నిండుతున్నాయి. హర్యానా కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. అక్కడ ఊళ్ళలో మ్యాట్లున్నాయి, పాత ఆటగాళ్ళు పొద్దున్నే నిలబెట్టి నేర్పుతారు, పాలూ నెయ్యీ ఉన్నాయి. అందుకే వాళ్ళు ముందున్నారు.

మా వైపు ఏముందో చెబుతాను. సంక్రాంతికి సాలూరు, పాచిపెంట, మక్కువ మండలాల్లో ఊరూరా కబడ్డీ పోటీలు పెడతారు. పొలం కోసిన మడిని చదును చేసి సున్నంతో గీతలు గీస్తారు. ఆశ్రమ పాఠశాలల్లో జాతాపు, కొండదొర, గదబ పిల్లలు సాయంత్రం ఆడే ఆటల్లో ముందు ఇదే. కొండ పిల్లల కాళ్ళ బలం గురించి వచ్చినవాళ్ళంతా పొగిడిపోతారు. ఆ పొగడ్తతో ఎవరి ఆటా బాగుపడలేదు. వాళ్ళకు లేనిది మ్యాట్. మట్టిలో వట్టి కాళ్ళతో ఆడేవాడు తిరిగేటప్పుడు పాదాన్ని జార్చి తిరుగుతాడు. మ్యాట్ మీద, బూట్లతో, ఆ పాదం జారదు, అక్కడే పట్టేస్తుంది. మోకాలు మెలిపడుతుంది. సెలక్షన్స్‌కు మొదటిసారి వెళ్ళిన కుర్రాడు అక్కడే తడబడి తిరిగొచ్చేస్తాడు. ఆట రాక కాదు, ఆ నేల అలవాటు లేక. ఆర్నెల్లు మ్యాట్ మీద నడిపిస్తే తీరిపోయే లోటు అది. తీర్చేవాళ్ళు లేక, పదో తరగతి అయ్యాక ఆ కుర్రాడు లారీ మీద క్లీనరుగానో, చెన్నై భవనాల పనిలోకో వెళ్ళిపోతున్నాడు. మంచి కార్నర్ ఆడే పిల్లలు ఇలా పోతుంటే చూసి బాధపడడం తప్ప ఊళ్ళోవాళ్ళం ఏమీ చెయ్యలేకపోతున్నాం.

దానధర్మం కోసం అడగడం లేదు. మీ జట్టుకు కావలసింది ఏళ్ళ తరబడి కలిసి ఆడే డిఫెండర్లు. పదిహేడు పద్దెనిమిదేళ్ళ వాణ్ణి ఇప్పుడు తీసుకొని అకాడమీలో పెట్టి, ఒక సీజన్ బెంచీ మీద, ఒక సీజన్ చివరి పది నిమిషాలకు ఆడించుకుంటూ వస్తే మూడో ఏటికి వాడు మీవాడవుతాడు. వచ్చినవాళ్ళంతా నిలబడతారని చెప్పను. వందమందిని చూస్తే ఇద్దరు పనికొస్తారేమో. ఆ ఇద్దరి కోసం ఎవరూ ఇంతవరకూ ఇటు రాలేదు. పార్వతీపురం ఐటీడీఏను అడిగితే ఆశ్రమ పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులు పేర్లిస్తారు. ఎవరు బాగా ఆడతారో వాళ్ళకు కంఠతా వచ్చు.

కాబట్టి రెండు పనులు చెయ్యండి. జాబితా రాసేటప్పుడు, ఎవరిని కొనాలన్న ఆలోచనకు ముందు, 12వ సీజన్ డిఫెన్స్‌లో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో కాగితం మీద గీసుకోండి. ఆ జతల్లో ఏదీ విరగ్గొట్టకండి. భరత్‌కు ఎవరైనా రెండు కోట్లు పలికినా కంగారుపడి ఎదురు పాడేసి పర్సు ఖాళీ చేసుకోకండి. వేలం దాకా రానివ్వకుండా ముందే అట్టేపెట్టుకోండి.

రెండోది, సంక్రాంతి పోటీలు అయిన వెంటనే సాలూరులోగానీ పార్వతీపురంలోగానీ రెండు రోజులు సెలక్షన్స్ పెట్టండి. శిక్షకులు ఇద్దరొస్తే చాలు. మ్యాట్లు తేవడం కష్టమంటారేమో. విశాఖలో ఏ స్టేడియం దగ్గర ఎక్కించాలో చెప్పండి, మా ఊరి లారీ వస్తుంది. కిరాయి అడగమని ఇద్దరు ఓనర్లు ఇప్పటికే మాటిచ్చారు. ఎక్కించడానికి, దించడానికి, రెండు రోజులయ్యాక తిరిగి అప్పజెప్పడానికి మనుషులు మావాళ్ళే. కొండల నుంచి దిగే పిల్లలకు భోజనం, రాత్రి పడక ఊళ్ళో చూసుకుంటాం. తేదీ ఒక్కటి మీరు ఖాయం చెయ్యండి. పై ఊళ్ళకు కబురు వెళ్ళాలి కనక పదిహేను రోజుల ముందు చెబితే మేలు.

ఇట్లు,
సాలూరు నుంచి, మొదటి సీజన్ నాటి మీ అభిమాని