తుఫాను షెల్టర్లలో ఆడవారికి పూచీ ఎవరు?

అక్టోబరు నెల వచ్చిందంటే మన తీర గ్రామాల వారికి కంటిమీద కునుకు ఉండదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ముంచెత్తింది. సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరువాత 1996లో కోనసీమ తుఫాను, 2009లో కృష్ణా వరద, 2014లో హుద్‌హుద్, 2024లో బెజవాడ మీద పడిన బుడమేరు. ఒక్కో దెబ్బకు ఒక్కో పాఠం నేర్చుకుంటూ వచ్చాం. ఊరూరా షెల్టర్లు లేచాయి. ఎన్ని పడవలు కావాలి, ఎన్ని బస్తాల బియ్యం నిలవ ఉంచాలి, గర్భిణీలను ఎప్పుడు ఆసుపత్రికి తరలించాలి అన్నవన్నీ ఇప్పుడు అధికారుల కాగితాల మీద ఉన్నాయి. సంతోషించవలసిన విషయమే.

అయితే ఒక్క సంగతి మాత్రం ఆ కాగితాల మీద పెద్దగా కనిపించదు. ఊళ్ళో కూడా ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. సహాయం పంచే చోట ఆడపిల్లలకు, మగదిక్కు లేని ఆడవారికి ఎదురయ్యే అగౌరవం గురించే ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ళ క్రిందట ఒక వరదలో, బడిలో పెట్టిన పునరావాస కేంద్రానికి ఈ విలేకరి వార్త కోసం వెళ్ళడం జరిగింది. ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని ఒక ఆమె టార్పాలిన్ పట్టా టోకెను కోసం బల్ల ముందు నిలబడి ఉంది. టోకెన్లు రాసే మనిషి తల ఎత్తి చూసి, "నీకు ఇప్పుడు కాదులే, చీకటి పడ్డాక రా, తీరిగ్గా రాసిస్తాను" అన్నాడు. అని నవ్వాడు. చుట్టూ ఉన్నవారు కూడా నవ్వారు. ఆమె నవ్వలేదు. పిల్లల చేతులు పట్టుకుని వెనక్కి తిరిగింది. మర్నాడు ఈ విలేకరి పంపిన వార్త "వరద బాధితులకు పట్టాల పంపిణీ" అని అచ్చయింది. ఎన్ని పట్టాలు పంచారో లెక్క సరిగ్గానే రాశాను. ఒక పట్టా ఎందుకు పంచలేదో రాయలేదు. ఆ మనిషి ఏ శాఖవాడో, ఏ సంఘంవాడో ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. చెప్పవలసిన రోజున నోరు మెదపని వారిలో నేనూ ఒకణ్ణి.

ఇది మన దగ్గరే ఉన్న జాడ్యమని ఎవరూ సిగ్గుపడి మూసిపెట్టనక్కరలేదు. పశ్చిమ ఆఫ్రికాలో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలలో అంతర్యుద్ధాల వల్ల లక్షలాది జనం శిబిరాల పాలయ్యారు. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ, సేవ్ ది చిల్డ్రన్ అనే సంస్థ కలిసి 2001 చివరలో అక్కడ విచారించి, 2002లో బయటపెట్టిన సంగతులు లోకాన్ని దిగ్భ్రాంతికి గురిచేశాయి. నూనె, గోధుమ రవ్వ, ప్లాస్టిక్ పట్టాలు పంచే వారిలోనే కొందరు వాటిని ఎరగా చూపి ఆడపిల్లలను లొంగదీసుకుంటున్నారని శిబిరాల వారే చెప్పారు. నలభై సంస్థలకు చెందిన వారిపై ఆరోపణలు వచ్చాయి. తరువాత సమితి తనిఖీ విభాగం వెళ్ళి చూసినప్పుడు చాలా ఆరోపణలకు రుజువు దొరకలేదన్న మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. కానీ కొన్ని రుజువయ్యాయి. సమస్య ఉన్నదని ఆ విభాగమే ఒప్పుకుంది. ఆకలితో ఉన్న పిల్ల, తనకు తిండి పెట్టే చేతి మీద సాక్ష్యం చెప్పడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

దాని ఫలితంగానే 2003 అక్టోబరులో అప్పటి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఒక ఉత్తర్వు జారీ చేశారు. అందులోని సారాంశం పల్లెటూరి మనిషికి కూడా అర్థమయ్యేదే. డబ్బు, ఉద్యోగం, సరుకు, సేవ, వీటిలో ఏది ఎర చూపి స్త్రీ పొందు కోరినా అది ఉద్యోగం ఊడదగిన నేరం. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలతో ఎటువంటి సంబంధమైనా నిషిద్ధం. వయసు తెలియదన్న సాకు చెల్లదు. తోటివాడు తప్పు చేస్తున్నాడని అనుమానం వస్తే చెప్పి తీరాలి.

ఉత్తర్వుతో అంతా సర్దుకుందా అంటే, లేదు. 2010 జనవరిలో హైతీ దేశంలో ఘోర భూకంపం వచ్చింది. సహాయానికి వెళ్ళిన ఆక్స్‌ఫామ్ సంస్థ సిబ్బందిలో కొందరు సంస్థ ఇచ్చిన బసలోనే వ్యభిచారం నడిపిన సంగతి 2011లో ఆ సంస్థ లోపలి విచారణలో తేలింది. నలుగురిని తీసివేశారు, ముగ్గురు రాజీనామా చేశారు. అసలు సంగతి మాత్రం లోకానికి చెప్పలేదు. అక్కడి పెద్ద అధికారి తరువాత బంగ్లాదేశ్‌లో మరో సహాయ సంస్థలో ఉద్యోగం సంపాదించుకున్నాడు! 2018 ఫిబ్రవరిలో ఒక లండన్ పత్రిక బయటపెట్టేదాకా అంతా నిశ్శబ్దం. అప్పుడు వేలాది మంది దాతలు చందాలు మానివేశారు. తప్పు చేసినవాళ్ళు ఏడుగురు. దానిని దాచడం వల్ల పడిన దెబ్బ, ఏ పాపం ఎరుగని బీదలకు అందవలసిన సాయం మీద.

ఆ తరువాత కాంగోలో ఎబోలా రోగం వచ్చినప్పుడు మరీ అన్యాయం జరిగింది. 2018 నుండి 2020 వరకు సాగిన ఆ కార్యక్రమంలో పని ఇప్పిస్తామని, ఉన్న పని తీసేయకుండా ఉంచుతామని ఆడవారిని వేధించినట్లు 2021 సెప్టెంబరులో స్వతంత్ర విచారణ సంఘం తేల్చింది. ఆరోపణలు వచ్చిన 83 మందిలో 21 మంది సాక్షాత్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన వారే. సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ప్రాణం పోయవలసిన చేతులవి. కంచే చేను మేస్తే కాపలా ఎవరు?

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. సహాయ కేంద్రంలో ఇచ్చేవాడికి పుచ్చుకునేవాడు లోకువ. ఇల్లు కూలి, ధాన్యం తడిసి, కట్టుబట్టలతో వచ్చిన ఆడమనిషికి ఆ రాత్రి పిల్లల ఆకలి తప్ప మరొకటి కనిపించదు. అటువంటప్పుడు ఒకడి చేతిలో జాబితా, మరొకరి చేతిలో ఖాళీ గిన్నె ఉంటే, "ఆమె ఒప్పుకుంది కదా" అనడం ఏ ధర్మం? ఆ ఒప్పుకోలులో ఇష్టమెంత, దిక్కులేనితనమెంత? ఈ ప్రశ్న రచ్చబండ దగ్గర కూర్చునే మన పెద్దలు వేసుకోవాలి.

మన చట్టాల సంగతి కొంత విచిత్రం. 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం కింద సహాయ సామగ్రిని స్వాహా చేసినవాడికి రెండేళ్ళ దాకా జైలు. సహాయంలో కులం, మతం, ఆడ మగ తేడా చూపరాదనీ అందులో ఉంది. బియ్యం బస్తా మాయం చేస్తే నేరమని రాసినవారు, ఆ బియ్యం చూపించి ఆడదాన్ని అడిగితే ఏమిటన్నది మాత్రం ఆ చట్టంలో విడిగా రాయలేదు. అంటే శిక్ష లేదని కాదు. ఇప్పుడు అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షను ప్రకారం అటువంటి కోరిక నోటితో అడిగినా మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలైతే పోక్సో చట్టం ఉంది. ప్రకృతి వైపరీత్య సమయంలో పిల్లలపై అత్యాచారం జరిగితే దానిని మరింత తీవ్రమైన నేరంగా చూడాలని 2019లో ఆ చట్టాన్ని సవరించారు. కనీసం ఇరవై ఏళ్ళ శిక్ష. తెలిసి కూడా చెప్పనివారికీ శిక్ష ఉన్నది. కనుక పిల్ల విషయంలో ఊరి పెద్దలు కూర్చుని, ఇంత డబ్బు ఇప్పించి సర్దేద్దాం అనడం పెద్దరికం కాదు, నేరం. వరదలో మన స్టేషనుకు దారి తెగిపోతే ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవలసిందే. 112, ఆడవారికి 181, పిల్లలకు 1098 నంబర్లు ఉన్నాయి. ఈ మూడు నంబర్లు షెల్టరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడానికి ఎంత ఖర్చు అవుతుంది? ఒక డబ్బా రంగు.

సహాయానికి వచ్చేవారిని అవమానిస్తున్నారని కొందరు నొచ్చుకోవచ్చు. ఎక్కడెక్కడి నుంచో వాన్లు కట్టుకుని, మోకాటి లోతు నీళ్ళలో పులిహోర పొట్లాలు మోసుకువచ్చే కుర్రవాళ్ళను ఎవరు మరచిపోగలరు? నూటికి తొంభై మందికి పైగా అటువంటివారే. ఆ ఒక్కడిని పట్టుకోకపోతే మచ్చ పడేది వారందరి మీద. మంచివాడికి నియమం వల్ల నష్టం ఏముంది?

నిజానికి చేయవలసిన పనులు పెద్దవి కావు. ఏ కుటుంబానికి ఎన్ని కిలోల బియ్యం, ఎంత నగదు, ఎన్ని పట్టాలు వస్తాయో గోడకు అంటించి, చదువురాని వారి కోసం పదిమందిలో చదివి వినిపించాలి. తనకు రావలసింది ఎంతో తెలిసిన మనిషి దగ్గర ఎవడూ దానిని దయాభిక్షగా చూపించలేడు. టోకెన్ల బల్ల దగ్గర ఒక్క మగవాణ్ణే కూర్చోబెట్టరాదు. డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరు ఆడవారు పక్కన ఉండాలి. పొద్దు గుంకాక పంపిణీ వద్దు. బయటి నుంచి వచ్చే ప్రతి సంఘం వారి పేర్లు, ఫోను నంబర్లు పంచాయతీ ఆఫీసులో రాయించుకోవాలి. సరుకు దించే కూలీలు, లారీ డ్రైవర్లు, కాంట్రాక్టరు మనుషులు కూడా ఈ నియమాల కిందికే వస్తారు.

మరుగుదొడ్ల సంగతి చెప్పకపోతే ఈ మాటలన్నీ వృథా. ముప్పై మందికి ఒకటి చొప్పున, ఆడవారికి, పిల్లలకు విడిగా, శిబిరానికి యాభై మీటర్ల లోపు ఉండాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లోనే చెప్పింది. మన షెల్టర్లలో ఎన్నింటికి తలుపు గడియ ఉందో పాఠకులు తమ ఊళ్ళో వెళ్ళి చూసుకోవచ్చు. జనరేటరు ఉన్నచోట కూడా మొదటి లైటు మైకు దగ్గర వెలుగుతుంది, దొడ్డివైపు దారిలో కాదు. చీకట్లో లేవలేక పొద్దున్నుంచే మంచినీళ్ళు మానుకునే ఆడవారు ఎందరో. మగవారికి ఈ సంగతి తెలియకపోవడం శోచనీయం.

ఇక ఫిర్యాదు. ఫిర్యాదుల పెట్టె అంటే మనకు కొత్త కాదు. తాళం తుప్పు పట్టి, చెవి ఎవరి దగ్గర ఉందో తెలియక, లోపల సాలెపురుగు కాపురం పెట్టిన పెట్టెలు ఆఫీసుల్లో చాలా చూశాం. అది కాదు కావలసింది. పంపిణీతో సంబంధం లేని ఒక టీచరమ్మో, నర్సమ్మో ఉండాలి. ఆమె పేరు అందరికీ తెలియాలి. ఆమెతో చెప్పుకున్న మాట బయటికి పొక్కరాదు. చెప్పిన మనిషి రేషను ఆగరాదు. మగపిల్లలకు కూడా ఇటువంటి బాధ ఉంటుందని గుర్తుంచుకుని, వారు చెప్పినా నవ్వకుండా వినాలి.

తుఫానుల కాలం ముందు జిల్లాలో అధికారుల సన్నాహక సమావేశం జరుగుతుంది. పడవలు, ఇసుక బస్తాలు, జనరేటర్ల లెక్కతో పాటు ఈ అంశం కూడా ఆ కాగితంలో చేర్చాలని కలెక్టరు వారిని కోరుతున్నాం. అక్కడ ఆలస్యమైనా ఊళ్ళో ఆగనక్కరలేదు. వచ్చే గ్రామసభలోనే టోకెన్ల బల్ల దగ్గర కూర్చునే ఇద్దరు ఆడవారి పేర్లు, ఫిర్యాదు వినే ఆమె పేరు పంచాయతీ పుస్తకంలో ఎక్కించి, షెల్టరు మరుగుదొడ్డి తలుపులకు గడియలు వేయించవచ్చు.