పొలిమేర వద్ద ఆగిన ఒడంబడిక

ఒక ప్రభుత్వము ఒడంబడికపై సంతకము చేసినంతమాత్రమున దాని ఏలుబడిలోని స్త్రీలందరికిని అది వర్తించుననుకొనుట పొరపాటు. పరతంత్ర ప్రాంతములకు ఏలినవారే దానిని వేరుగా విస్తరింపజేయవలెను. హాంగ్‌కాంగు కథ ఇందుకు తార్కాణము.

స్త్రీలపై సర్వవిధ వివక్షను రూపుమాపుటకు ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించిన ఒడంబడికను బ్రిటను 1986లో ధ్రువీకరించినది. హాంగ్‌కాంగును మాత్రము విడిచిపెట్టినది. 1996 అక్టోబరులో గాని ఒడంబడిక అచటికి చేరలేదు. చైనాకు ఆ ప్రాంతమును అప్పగించుటకు అప్పటికి తొమ్మిది నెలలైనను గడువు లేదు. ఇల్లు ఖాళీచేయబోవువాడు గోడలకు సున్నము కొట్టించినట్లున్నదని ఎవరైన అన్నచో తప్పుపట్టరాదు. అయినను సున్నము వృథాపోలేదు. 1997 తరువాత చైనా ఆ ఒడంబడికను అచట కొనసాగించినది.

అసలు చిక్కు న్యూ టెరిటరీస్ పల్లెలలో నున్నది. 1994లో శాసనము మారువరకు అచట వీలునామా లేని పల్లెభూమి ఆచారము ననుసరించి మగవారికే సంక్రమించెడిది. కొడుకులు లేని తండ్రి మరణించినచో దాయాదులకు పోవునే గాని కన్నకూతురికి దక్కెడిది కాదు. ఆ అన్యాయము తొలగినది. 1972 నాటి చిన్న ఇండ్ల విధానము మాత్రము తొలగలేదు. 1898లో గుర్తింపుగల పల్లెలో నివసించినవాని పురుషసంతతిలో పుట్టి, పదునెనిమిదేండ్లు నిండిన మగవాడు జీవితములో ఒకమారు ఏడువందల చదరపుటడుగుల మేర మూడంతస్తుల ఇల్లు కట్టుకొనుటకు అనుమతి కోరవచ్చును. అతని తోబుట్టువు కోరరాదు. ఒడంబడికను విస్తరించుచునే బ్రిటను ఈ హక్కును మినహాయించినది; చైనాయు ఆ మినహాయింపును నిలుపుకొన్నది. ఏలికలు మారిరి గాని ఆ వాక్యము మారలేదు. (ఇతరులను చూచి నవ్వుటకు భారతదేశమునకును వీలులేదు. 1993లో ధ్రువీకరించునపుడు, ఆయా వర్గములవారు కోరి సమ్మతించిననే తప్ప వారి స్వీయ వ్యవహారములలో జోక్యము చేసికొనబోమని అదియు ప్రకటించినది.)

ఆచారమును కాపాడుట తగదని కాదు. కాని ఈ విధానము ఏనాటి ఆచారము? ఇంటికి అనుమతినిచ్చు పద్ధతిని 1972లో కచేరీ ఏర్పరచినది, పూర్వులు కాదు. ఆడపడుచులకును ఇత్తుమన్న భూమి చాలదందురు. ఎవరికిని వలదన్న సంప్రదాయము చెడునందురు. ఈ రెండుమాటల నడుమ నలుగునది స్త్రీయే. 2021లో తుది న్యాయస్థానము ఈ హక్కు అచటి మౌలికశాసనపు రక్షణలో నున్నదని తీర్పు చెప్పినది. ఇక ఒడంబడిక ననుసరించి నాలుగేండ్లకొకమారు సమర్పింపవలసిన నివేదిక మిగిలినది. మినహాయింపు ఉన్నంతకాలము ప్రభుత్వము అందులో ఆ పల్లెల ఆడపడుచులకు సమాధానము చెప్పక తప్పించుకొనుచునే యుండును. దానిని ఉపసంహరించుకొనుట చైనా చేతిలోని పని. అందుకు ఏ దేశపు అనుమతియు అక్కరలేదు.