సిగ్గే పెట్టుబడిగా

మహిళా సంఘాల సమావేశాల్లో ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటే తెల్లబట్ట ప్రస్తావన రాకుండా ఉండదు. ఎవరో ఒకరు గొంతు తగ్గించి, "వేడినీళ్ళల్లో మందు రెండు మూతలు పోసి రోజూ లోపలిదాకా కడుక్కుంటున్నా అక్కా, అయినా మంట తగ్గట్లేదు" అంటారు. ఆ మందు గాయాలు తుడవడానికి వాడే యాంటీసెప్టిక్. మంటకు కారణం చాలాసార్లు అదేనని నేను చెబితే ఒకపట్టాన నమ్మరు. ఎలా నమ్ముతారు? స్త్రీ శరీరం మురికిదని ముట్టు, అంటు పేరుతో ఇల్లు నేర్పింది. టీవీ ప్రకటనలు దాన్నే కాస్త అందంగా చెబుతున్నాయి.

యోనిలో సహజంగా ఉండే లాక్టోబాసిల్లస్ సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి రోగాల్ని అడ్డుకుంటాయి. మందు పోసి కడిగితే ముందు చచ్చేవి అవే. రంగు, వాసన మారినా, దురద, పొత్తికడుపు నొప్పి ఉన్నా వెళ్ళాల్సింది డాక్టరు దగ్గరికి, మందుల షాపుకి కాదు.

ఈ వ్యాపారం కొత్తది కాదు. 1889లో జర్మనీలో క్రెసాల్‌ని సబ్బుతో కలిపి లైసాల్ తయారుచేశారు. అది క్రిమిసంహారక మందు. అమెరికాలో 1920ల నుంచి అదే సీసాని 'స్త్రీల పరిశుభ్రత' కోసమంటూ జోరుగా అమ్మారు. భర్త ప్రేమ తగ్గిందా, లోపం నీ శరీరంలోనే ఉందని ఆ ప్రకటనల సారాంశం. అసలు సంగతి వేరు. గర్భనిరోధక సాధనాలనీ, వాటి సమాచారాన్నీ పోస్టులో పంపడం 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం ప్రకారం నేరం. పరిశుభ్రత అంటే గర్భం రాకుండా చూసుకోవడమేనని అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ తెలుసు. ఒళ్ళు కాలింది, గర్భం మాత్రం ఆగలేదు. 1933లో నెవార్క్ క్లినిక్‌లో పరిశీలించిన 507 మంది లైసాల్ వాడకందారుల్లో 250 మంది గర్భవతులయ్యారు. హక్కు లేనిచోట సీసా అమ్ముడుపోయింది.

రసాయనాల మీద నాకు పగ లేదు. 1847లో వియన్నా ఆస్పత్రిలో శవాల్ని కోసిన చేతులతోనే డాక్టర్లు, విద్యార్థులు కాన్పులు చేసేవాళ్ళు. ఆ ఏప్రిల్‌లో వాళ్ళ వార్డులో నూటికి 18 మంది తల్లులు చనిపోయారు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో చేతులు కడుక్కోవాలని పట్టుబట్టాక జూన్‌కల్లా అది రెండుకు పడిపోయింది. (మంత్రసానుల వార్డులో మరణాలు మొదటినుంచీ తక్కువే. అది ఎవరూ పెద్దగా చెప్పుకోరు.) అక్కడ కడుక్కోవాల్సి వచ్చింది డాక్టర్లు. లైసాల్ ప్రకటన కడుక్కోమన్నది స్త్రీని.

ఒంటి సబ్బుల సంగతీ అంతే. 2016లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాల్ని యాంటీసెప్టిక్ సబ్బుల్లో, బాడీ వాష్‌ల్లో వాడకూడదంది. మామూలు సబ్బూ నీళ్ళకంటే ఇవి మెరుగని కంపెనీలు రుజువు చెయ్యలేకపోయాయి.

ఇక నిజంగా రసాయనాల మధ్యే బతికే స్త్రీల మాట. ఆస్పత్రుల్లో, బస్టాండుల్లో మరుగుదొడ్లు కడిగే కాంట్రాక్టు కార్మికురాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు. యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడరునీ కలిపితే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుందని వాళ్ళలో ఎంతమందికి చెప్పారు? చేతి తొడుగుల మాట తర్వాత. సీసా మీది హెచ్చరికైనా వాళ్ళు చదవగలిగే భాషలో, కనబడే అక్షరాల్లో ఉండాలని అడగడం కూడా హక్కుల పనే అంటాను నేను.

మీ ఊళ్ళో దొరికే ఇంటిమేట్ వాష్‌లు, ఫ్లోర్ క్లీనర్ల లేబుళ్ళ మీద ఏం రాసుందో, ఏ భాషలో ఉందో, కార్మికురాళ్ళకి ఎవరేం చెప్పారో రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం.